కుండలో స్పీకరు

2014 సెప్టెంబరు 19న మాండొలిన్ శ్రీనివాస్ పోయారన్న వార్త వచ్చేసరికి నేను ఆదివారం అనుబంధం ప్రూఫులు దిద్దుకుంటున్నాను. "సంగీతం మీకు తెలుసు కదా మేడమ్, నాలుగు వందల మాటల్లో రాసివ్వండి" అన్నారు డెస్క్ ఇన్‌చార్జి. గంటలో ఇచ్చాను. పాలకొల్లులో పుట్టిన ఆ పిల్లవాడు మాండొలిన్‌ను ఏం చేశాడో రాశాను. మామూలు మాండొలిన్‌కు జంటలు జంటలుగా ఎనిమిది తీగలుంటాయి. మీటిన మరుక్షణం నాదం ఆరిపోతుంది. అందుకే వాయించేవాళ్ళు ఒకే స్వరాన్ని గబగబా మీటుతూ దాన్ని బతికిస్తుంటారు. కర్ణాటక సంగీతానికి అది చాలదు. ఒక్క మీటుకే నాదం నిలవాలి, వేలి కింద తీగ సాగాలి, అప్పుడే గమకం పలుకుతుంది. ఆయన జంటలు తీసేసి ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నారు, వాద్యానికి కరెంటు తగిలించారు. నాదం నిలిచింది. ఎలక్ట్రిక్ గిటారు పట్టుకున్నవాళ్ళు ఏ చిక్కుతో కుస్తీ పట్టారో పశ్చిమ గోదావరి పిల్లవాడూ దానితోనే పట్టాడని ముగించాను.

మర్నాడు పేజీలో మిగిలినవి: పుట్టిన తేదీ, గురువుగారు రుద్రరాజు సుబ్బరాజు పేరు, పద్మశ్రీ వచ్చిన సంవత్సరం, 'బాల మేధావి' అన్న మాట. తీగల సంగతి ఒక్క వాక్యం లేదు. అడిగితే, "అదంతా మెకానిక్ గొడవలా ఉంది మేడమ్, పాఠకుడికి ఎందుకు?" అన్నారు. ఆయన చెడ్డ మనిషి కాదు. సినిమా పాటల్లో మంచి చరణం ఎక్కడ వినబడినా కాగితం మీద రాసిపెట్టుకునే రకం. ఆ రాసిపెట్టుకోవడమే నా ఫిర్యాదు.

మనం పాటను చదువుతాం. ఎవరినైనా "పాట ఎలా ఉంది?" అని అడిగి చూడండి. పల్లవిలో మాటలు బాగున్నాయనో, మాటలు అర్థం కావడం లేదనో మొదలుపెడతారు. పాటలోని మాటలకు మనం పెట్టుకున్న పేరు కూడా 'సాహిత్యం'. పాట రాసినది ఎవరు అంటే మాటలు రాసినవారి పేరే చెప్తాం. పాతికేళ్ళకు పైగా విజయవాడ పత్రికల్లో ఉద్యోగం చేశాను. పాట మీద వచ్చిన వ్యాసాలు వందలు దిద్దాను. తొంభై పాళ్ళు కవిత్వ సమీక్షలే. కవిత్వానికి వాయిద్యాలు అడ్డుపడకుండా ఉన్నందుకు సంగీత దర్శకుడికి చివర్లో ఒక నమస్కారం. చప్పుడు గురించి రాయాలన్న పిచ్చి నాకు పట్టించినది రాక్ సంగీతం. ఆ పిచ్చి వల్ల ఉద్యోగంలో పెద్దగా బాగుపడింది లేదు.

అది ఎలా పట్టిందో చెప్పాలి. 1991 చివర్లో మా పెదనాన్న కొడుకు వరంగల్ ఆర్‌ఈసీ ఇంజనీరింగ్ కాలేజీ నుంచి సెలవులకు వస్తూ తొంభై నిమిషాల క్యాసెట్ ఒకటి తెచ్చాడు. హాస్టల్లో ఎవరి దగ్గరో ఉన్న దాని నుంచి ఎక్కించుకున్నది; ఆ ఎవరి దగ్గరో ఉన్నదీ నకలే. పాటకంటే ముందు బుస వినబడేది. లేబుల్ మీద పెన్సిల్‌తో 'లెడ్ జెప్పెలిన్' అని ఆ రాక్ బృందం పేరు రాసి ఉంది, పాటల పేర్లు లేవు. సత్యనారాయణపురంలో మా ఇంటి మధ్య గదిలో నాన్నగారి టూ ఇన్ వన్. నాకు పదహారేళ్ళు. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఆ పాటల్లో ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

అర్థం కాకపోవడమే నా అదృష్టం అని ఇప్పుడు అనిపిస్తుంది. మాట చేతికి దొరకలేదు కాబట్టి చెవి ఇంకేదో పట్టుకోవలసి వచ్చింది. గొంతు వెనక గిటారు ఎక్కడుంది, గిటారు కింద మరో మందపాటి గిటారేదో నడుస్తోంది, అది ఆగితే పాట ఎందుకు గుల్ల అయిపోతుంది... పేర్లు తెలియకుండానే ఇవన్నీ విడివిడిగా వినడం నేర్చుకున్నాను. రెండో వైపు చివర ఒక పాట ఉండేది. నెమ్మదైన నడక, ఎక్కడో లోయలోంచి వస్తున్నట్టు మౌత్ ఆర్గాన్, అన్నిటికంటే ముందు డ్రమ్ము. అలాంటి డ్రమ్మును అంతకుముందు వినలేదు. దెబ్బ పడిన తరువాత గోడలు కూడా కాసేపు మాట్లాడేవి.

ఆ సంక్రాంతికి తెనాలి నుంచి మా మామయ్య వచ్చారు. పద్య నాటకాలకు హార్మోనియం వాయించేవారు. కాఫీ తాగుతూ ఆ పాట సాంతం విన్నారు. ఇదేం గోల అనలేదు. "ఆ డ్రమ్ము వాయించేవాడు మైకుకి బాగా దూరంగా కూర్చున్నాడమ్మా. సామాను లేని ఇంట్లో వాయిస్తున్నాడు" అన్నారు. నేను నవ్వాను.

పదేళ్ళు పోయాక బందరు రోడ్డులో ఒక ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని ఆ రికార్డింగు కథ చదివాను. అది 1971 నాటి ఆల్బమ్. ఇంగ్లండులో హ్యాంప్‌షైర్ అనే చోట హెడ్లీ గ్రేంజ్ అన్న పాత భవంతి. డ్రమ్మర్ జాన్ బోనమ్‌ను మెట్ల కింద హాల్లో కూర్చోబెట్టి, రెండు మైకులు పైమెట్ల నుంచి వేలాడదీశారు ఇంజనీరు ఆండీ జాన్స్. దెబ్బ నేల నుంచి లేచి మూడంతస్తుల మెట్లదారి అంతా తిరిగి మైకు చేరింది. మామయ్యకు ఇంగ్లీషు రాదు, రాక్ అంటే ఏమిటో తెలియదు. ఊరూరా పందిళ్ళలో, బడి ఆవరణల్లో, సగం కట్టిన కల్యాణ మండపాల్లో ముప్పై ఏళ్ళు వాయించిన మనిషి. ఏ గోడ ఎంత తిరిగి ఇస్తుందో ఆయన చెవికి తెలుసు. నేను ఆ మాట ఫోనులో చెప్పబోతే అవతల అత్తయ్య తీశారు. మామయ్యకు అప్పటికే వినికిడి తగ్గిందన్నారు.

రాక్ మన సంగీతం కాదు కదా అనే ప్రశ్న ఇప్పటికీ అడుగుతుంటారు. ఈ ప్రశ్న నాకు విసుగు. మామయ్య వాయించిన హార్మోనియం పరాయిది, దాని మెట్ల మీద గమకం పలకదు అంటూ ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా దాన్ని స్టూడియో గుమ్మం తొక్కనివ్వలేదు. విజయవాడ కేంద్రం మొదలైంది 1948 డిసెంబరు 1న. అంటే పద్య నాటకానికి పుట్టిల్లులాంటి ఈ నేల మీద, రేడియో తలుపు ఇరవై మూడేళ్ళ పాటు హార్మోనియానికి మూసే ఉంది. ఇవతల కృష్ణా, గుంటూరు పల్లెల్లో మాత్రం ఆ పెట్టె లేనిదే పద్యం లేచేది కాదు. పద్యం అయిపోయాక రాగం తీస్తూ తీస్తూ, జనం 'వన్స్ మోర్' అనేదాకా లాగడం ఉందే, అది గిటారు సోలోకు అన్నగారు. రెండింటిలోనూ ఎక్కడ ఆపాలో తెలియనివాళ్ళే ఎక్కువ. వయొలిన్ సంగతి చెప్పనే అక్కర్లేదు; ద్వారం వెంకటస్వామి నాయుడుగారి చేతిలో దాన్ని చూసిన తరువాత ఎవరూ పాస్‌పోర్టు అడగలేదు.

కాలేజీ రోజుల్లో నా లోకం బీసెంట్ రోడ్డు పక్క సందులో ఒక రికార్డింగ్ సెంటరు. చీటీ మీద పాటల పేర్లు రాసి, ఖాళీ క్యాసెట్ ఇచ్చి వస్తే నాలుగు రోజులకు ఎక్కించి ఇచ్చేవారు. రాక్ క్యాసెట్లు ఆ దుకాణంలో పన్నెండో పదమూడో ఉండేవి, ఇంగ్లీషు సినిమాల సంగీతంతో కలిపి ఒకే అరలో. అవన్నీ అయిపోయాక లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దుకాణాల మీద పడ్డాను. అక్కడ కలకత్తా నుంచి ఒకప్పుడు వచ్చిన జూనియర్ స్టేట్స్‌మన్ సంచికలు దొరికేవి, అట్టలు లేకుండా, కిలోల లెక్కన. 1993లో రాక్ స్ట్రీట్ జర్నల్ అన్న రాక్ సంగీతం పత్రిక మొదలైందని తెలిసినప్పుడు నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించింది చిరునామా. బొంబాయి కాదు, బెంగళూరు కాదు, అలహాబాదు. ఒక దంపతులు నడుపుతున్నారు, అమిత్, షీనా సైగల్. నదీ తీరం, గుడి, మేళా, ఎండ అన్నీ మా ఊరి సరుకే. అలహాబాదులో కూర్చుని రాయగా లేనిది విజయవాడలో కూర్చుని రాయలేమా అనుకుని మనియార్డర్ కట్టాను. జర్నలిజంలోకి రావడానికి నాకున్న ప్రేరణ అదే. గాంధీ, నార్ల అని ఇంటర్వ్యూలో చెప్పినది అబద్ధం.

రాక్ విమర్శకుల్లో అందరూ దేవుడిలా చెప్పుకునేది లెస్టర్ బ్యాంగ్స్‌ను. కార్ల ఫ్యాక్టరీల ఊరు డెట్రాయిట్ నుంచి వచ్చే క్రీమ్ అన్న పత్రికలో రాసేవాడు. మన ఆకాశవాణి కేంద్రం మొదలైన నెలలోనే పుట్టాడు, 1982లో ముప్పై మూడేళ్ళకే పోయాడు. నాకు ఆయన ధోరణి అంతగా నచ్చదు. ఆయనను చూసి రాసిన పిల్లలు ఇంకా నచ్చరు. వాళ్ళ వ్యాసాల్లో పాటకంటే వాళ్ళ తాగుడు ఎక్కువ వినబడుతుంది. ఒక్క గుణం మాత్రం కొట్టేయలేను. ఆయన రాసినది చదివితే ఆ చప్పుడు ఎంత గరుకుగా ఉంటుందో అరచేతికి తెలుస్తుంది.

అదే తెలుగులో చేద్దామని 1999లో ఒక వారం వారం శీర్షిక మొదలుపెట్టాను. పద్దెనిమిది వారాలు నడిచింది. నన్ను ఏడిపించింది సంపాదకులు కాదు, మాటలు. డిస్టార్షన్‌ను, అంటే గిటారు నాదాన్ని కావాలని గరుకెక్కించడాన్ని ఏమనాలి? నిఘంటువు 'వక్రీకరణ' అంటుంది. వార్తను వక్రీకరిస్తారు, గిటారును కాదు. చాలా రోజులు తిరిగాక ఇంట్లోనే దొరికింది ఆ మాట: జీర. జీర గొంతు అంటాం కదా, అదే. 1964లో కింక్స్ బృందంలోని గిటారిస్టు డేవ్ డేవిస్ తన ఆంప్లిఫయర్ స్పీకరు అట్టను బ్లేడుతో కోశాడు, నాదానికి జీర రావాలని. ఇది పిచ్చిపని అనుకునేవాళ్ళు తంబూరా దగ్గరికి వెళ్ళి చూడండి. తీగ కింద నూలుపోగు దూర్చి, అటూ ఇటూ జరిపి, శుభ్రంగా పలికే తీగను ఝుమ్మనిపించే దాకా ఊరుకోరు. పోగు తీసేస్తే తంబూరా బోసినోరు. బ్లేడు, నూలుపోగు చేసే పని ఒక్కటే. రిఫ్‌కు, అంటే గిటారు మీద మళ్ళీ మళ్ళీ వచ్చే చిన్న వరుసకు 'ఎత్తుగడ' అని వాడాను, డ్రమ్ము వరుసకు 'దరువు' సరిపోయింది. రీవర్బ్‌కు ఇప్పటికీ నా దగ్గర మాట లేదు. ప్రతిధ్వని వేరు, అది తిరిగి వస్తుంది. ఇది గదిలోనే ఉండిపోతుంది.

శీర్షిక మొదలైన ఆరో వారమో ఏడో వారమో ఇళయరాజా పాటల్లో బేస్ గిటారు గురించి రాశాను. పాట ఒక వైపు పోతుంటే ఆ మందపాటి తీగలు తమ సొంత పాట ఒకటి పాడుకుంటూ పోతాయని, వాటిని వాయించినాయన పేరు శశిధరన్ అని, డ్రమ్స్ పురుషోత్తమన్ అని, గిటారు సదానందం అని. మన క్యాసెట్ అట్ట మీద సంగీతం, సాహిత్యం, గానం అని మూడు వరుసలే ఉంటాయి, వాయించినవాళ్ళు కనబడరని. రాక్ ఆల్బమ్ అట్ట తిప్పితే ఎవరు ఏది వాయించారో, ఏ ఇంజనీరు రికార్డు చేశారో ఉంటుంది. పదహారేళ్ళ వయసులో నాకు అది పెద్ద మర్యాదగా తోచింది. వాయించడం కూలి పని కాదన్న మర్యాద.

దానికి గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక ఉత్తరం వచ్చింది, ఇన్‌లాండ్ కవరు మీద. రాసినాయన రేడియోలు, టేపులు బాగుచేసే మెకానిక్. "అమ్మా, మీరు ఇప్పుడు రాశారు గాని మేము ఎనభైల నుంచే వింటున్నాం. మామూలు స్పీకర్లో ఆ గిటారు వినబడదు. అందుకే కుండలో పెట్టేవాళ్ళం" అని ఉంది. ఎంత పెద్ద కుండ అయితే ఎన్ని అంగుళాల స్పీకరు, కుండ మూతి ఎంత ఉండాలి, కాల్చిన కుండకూ సరిగా కాలని కుండకూ తేడా ఏమిటి, పక్కకు పడుకోబెట్టాలా నిలబెట్టాలా... రెండు వైపులా రాశారు. కాఫీ హోటలు, సోడా బండి, మంగలి దుకాణం, అద్దె గది, ఆ రోజుల్లో కుండ లేనిది ఎక్కడ? కుండ కడుపులోని గాలి కూడా స్పీకరుతో పాటు ఊగి కింది స్వరాలను లేపుతుంది. సిద్ధాంతం ఎవరికీ తెలియదు, చెవికి తెలుసు.

నా శీర్షికకు ఇంతకంటే గొప్ప సమాధానం ఎవరూ రాయలేదు. దాని ముందు నేను సిగ్గుపడ్డాను కూడా. తెలుగువాళ్ళు పాట వినరని అప్పటిదాకా నేను అన్నది తప్పు. శుభ్రంగా వింటారు. మట్టి కుండ కొని మరీ వింటారు. విన్నదాన్ని అచ్చులో పెట్టడం దగ్గరే తేడా వస్తుంది. కలం పట్టగానే మనకు ఎనిమిదో తరగతి తెలుగు వాచకం గుర్తొస్తుంది. ఛందస్సు, అలంకారం, భావం అంటూ మొదలుపెడతాం. కుండ సంగతి మెకానిక్ గొడవ అయిపోతుంది. ఆ ఉత్తరాన్ని యథాతథంగా వేయమన్నాను. వేయలేదు. పద్దెనిమిదో వారం తరువాత ఆ జాగాలో వాస్తు వచ్చింది.

ఇక్కడ నా మీద నేనే కొన్ని పితూరీలు చెప్పుకోవాలి. మాట బలమైన సంప్రదాయం మనది. అన్నమయ్య, త్యాగరాజు, క్షేత్రయ్య మాట వల్లనే ఇంటింటికీ చేరారు. దాన్ని తక్కువ చేసే స్తోమత నాకు లేదు. రాక్ విమర్శకులు కూడా పెద్ద శ్రోతలేమీ కాదు. 2016లో అమెరికా పాటగాడు బాబ్ డిలన్‌కు సాహిత్యంలో నోబెల్ వచ్చినప్పుడు వాళ్ళు పండగ చేసుకున్న తీరు చూస్తే మా డెస్క్ ఇన్‌చార్జి గుర్తొచ్చారు. ఇంకో పితూరీ కాస్త బరువైనది. ఇరవై నుంచి పాతికేళ్ళ మధ్య నేను కొత్త తెలుగు సినిమా పాట వినడమే మానేశాను, నామోషీ అనిపించి. రాక్ వినడం నాకు చెవితోబాటు పొగరు కూడా ఇచ్చింది. ఇంట్లో అమ్మ పాడుకుంటుంటే తలుపు వేసుకునేదాన్ని. ఆ ఐదేళ్ళలో రెహమాన్ క్యాసెట్ అట్టల మీద వాయిద్యకారుల పేర్లు వేయడం మొదలుపెట్టారు. నేను అడుగుతున్నది నా ఊళ్ళో దుకాణంలోనే దొరుకుతుంటే చూడలేదు.

2007 మార్చి 17న ఐరన్ మెయిడెన్ అన్న ఇంగ్లండు రాక్ బృందం మొదటిసారి మన దేశంలో వాయించింది, బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో. సొంత ఖర్చుతో సెలవు పెట్టి వెళ్ళాను. అంత గోలకు నేను ఎక్కిన రైలు పేరు ప్రశాంతి ఎక్స్‌ప్రెస్. అక్కడ ఎన్ని వేలమంది ఉన్నారో, ఎలా ఊగారో ఇంగ్లీషు పత్రికలు రాశాయి. నాకు గుర్తున్నది ఆ బృందంలోని స్టీవ్ హ్యారిస్ బేస్ గిటారు. వేళ్ళతోనే వాయిస్తాడు, గుర్రం దౌడు తీసినట్టు. స్పీకర్ల గోడకు నలభై అడుగుల దూరంలో నిలబడితే ఆ దౌడు చెవికంటే ముందు పక్కటెముకలకు అందింది. తిరిగి వచ్చి రాసిన ఐదు వందల మాటల్లో, 'కేరింతలు కొట్టిన యువత' అన్న ఫోటో వ్యాఖ్య అచ్చయింది. ఆ వ్యాఖ్య నాది కాదు.

చివరి సంగతి బుడమేరుది. నేను ఇప్పుడుంటున్నది సింగ్ నగర్‌లో, మొదటి అంతస్తు. 2024 సెప్టెంబరు 1 ఆదివారం తెల్లవారి లేచేసరికి వీధి లేదు. బుడమేరు కట్టకు గండ్లు పడ్డాయి. అటు కృష్ణలో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద లక్షల క్యూసెక్కుల్లో పెరుగుతోందని ఫోనులో చూశాను, తరువాత చార్జింగ్ కోసం ఫోను ఆపేశాను. కింద వాటా వాళ్ళను పైకి తెచ్చుకున్నాం. కింద సామాన్ల గదిలో నా క్యాసెట్ల పెట్టె ఉండిపోయింది. వరంగల్ నుంచి వచ్చినదీ అందులోనే, బ్రాడీపేట ఉత్తరమూ అందులోనే.

ఆ క్యాసెట్ రెండో వైపు చివరి పాట కరకట్ట తెగడం గురించని అప్పటికి నాకు చాలా ఏళ్ళుగా తెలుసు. 1927లో మిసిసిపీ కట్టలు తెగి ఊళ్ళకు ఊళ్ళు మునిగాయి. రెండేళ్ళ తరువాత మెంఫిస్ మిన్నీ, కాన్సస్ జో మెకాయ్ అనే నల్లజాతి దంపతులు గిటార్లతో ఆ పాట రికార్డు చేశారు. లెడ్ జెప్పెలిన్ దాన్నే తీసుకుని పెంచింది. మొదటిసారి విన్నప్పుడు నాకు మాటలు తెలియవు. నీళ్ళు వస్తున్నాయని మాత్రం తెలిసింది.

సోమవారం మధ్యాహ్నానికి తాగే నీళ్ళు అయిపోయాయి. పడవలు పెద్ద వీధిలోంచే పోతున్నాయి, మా సందులోకి రావడం లేదు. ఎన్ని అరిచినా పైన హెలికాప్టర్ మోతలో కలిసిపోతోంది. మెట్ల మీద, నీటికి రెండు మెట్ల పైన, కింద వాటా వాళ్ళ అబ్బాయి, నేను కూర్చున్నాం. వాడికి పదమూడేళ్ళు. ఖాళీ ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి బోర్లించి పిడికిలితో కొట్టడం మొదలుపెట్టాడు. చప్పుడు బయటికి పోలేదు, గోడకు తగిలి చచ్చిపోయింది.

"ఇక్కడ కాదురా, పైకి పద" అన్నాను. రెండో అంతస్తు మలుపు దగ్గర, మెట్లదారి మధ్య ఖాళీ కింది నుంచి పైదాకా కనబడే చోట డ్రమ్ము పెట్టించాను. అక్కడ కొట్టాడు. దెబ్బ కింద నీళ్ళ దాకా దిగి, లేచి, డాబా తలుపులోంచి బయటపడింది. నాలుగు కొట్టి ఆగమన్నాను, మళ్ళీ నాలుగు. మూడోసారికి పడవలో ఉన్నతను తలెత్తి మా డాబా వైపు చూసి, గెడ తిప్పాడు.